అవతలి ఇంటి చిప్ప

నేను ఒక కంచు గిన్నెను. నన్ను అమ్మేసిన రోజు పొద్దున ఆకాశం తెరిపి ఇచ్చింది. అంతకు ముందు ఇరవై రోజులు ఒకటే ముసురు. వెదురాకు కప్పు కారి కారి మనుషుల పక్కలు నానిపోయాయి. ఆ పొద్దున మాత్రం తూర్పున మబ్బు ఒక పక్క చినిగింది. చినిగిన చోటు నుంచి సన్నగా ఎండ వచ్చి, నాలో తినే తవిటయ్య తల కింద ఉన్న నా అంచు మీద పడింది. చాలా రోజుల తరవాత నేను మెరిశాను. మెరిసినందుకు సంతోషించాను కూడా. ఎందుకు మెరిశానా అని తరవాత చాలా ఏడ్చాను.

నా పుట్టుక శ్రీకాకుళం పక్క బుడితిలో. రాగీ తగరమూ కలిపి మూసలో కరిగించి, కొట్టి, గీసి, నన్ను తయారు చేసిన కంచర ముసలాయన చివర్లో నా అంచును గోటితో మీటాడు. చెవి దగ్గర పెట్టుకుని, నా మోత ఆగేదాకా కళ్ళు మూసుకున్నాడు. "పలికింది" అన్నాడు. నా పక్క గిన్నె పలకలేదు. దాన్ని మళ్ళీ మూసలో పడేశాడు. మా జాతికి పలకడమే బతుకని ఆ రోజే తెలిసింది.

అసిరమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు నన్ను సారెలో పెట్టారు. ఆమె మొగుడు సూరయ్య. పెళ్ళైన ఏడాదికే కూలికి మలయా వెళ్ళారు. రైల్లో, ఓడలో అసిరమ్మ నన్ను చీర మూటలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రబ్బరు తోటలో వరసగా కట్టిన లైను ఇళ్ళలో ఒక గది ఇచ్చారు. ఆ గదిలో మెరిసేది నేనొక్కదాన్నే. సూరయ్య నాలో తప్ప ఇంకెందులోనూ తినేవాడు కాదు. తినే ముందు మొదటి ముద్ద నా అంచున పెట్టి, చివర తినేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. వాళ్ళ నాయనా అలాగే చేసేవాడట.

ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే మంత్రసానికి చేటెడు తవుడు ఇచ్చి, ఆమె దగ్గర కొన్నట్టుగా బిడ్డను తీసుకున్నారు. అలా తీసుకుంటే బిడ్డ నిలుస్తాడని వాళ్ళ నమ్మకం. అందుకే తవిటయ్య అని పేరు పెట్టారు. నిలిచాడు. పళ్ళు రాగానే వాడికీ నాలోనే తినిపించారు.

వాడు చంకలో ఉండగానే సూరయ్య సాయంత్రాలు ఇంట్లో తినడం మానేశాడు. మా గుమ్మంలోంచి చూస్తే అవతలి వరస ఇళ్ళు కనపడతాయి. అందులో మూడో ఇంట్లో మంగాయి ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఇంట్లో పైడి పుట్టాడు. అసిరమ్మ అరవలేదు, ఏడవలేదు. చింతపండు పెట్టి నన్ను తోముతూ ఒకే మాట అంది.

"ఆడు ఎక్కడికైనా ఎల్లనీ. గిన్నె మాత్రం గడప దాటదు."

ఆమె పట్టుకున్న పట్టు నాకు నచ్చింది. మనుషులు పంచుకోవడం చేతకాక బాధపడతారని అంటారు. గిన్నెలకూ అంతే.

మంగాయి ఇంట్లో సూరయ్య ఎందులో తినేవాడో తెలుసా? కొబ్బరి చిప్పలో. రబ్బరు చెట్లకు పాలు పట్టడానికి కట్టే చిప్పల్లాంటిదే. ఒక ఆదివారం ఆయన అవతలి గుమ్మంలో కూర్చుని దాన్ని గాజు పెంకుతో గీకాడు, ఇసకతో రుద్దాడు, నూనె పట్టించాడు. నల్లగా, నున్నగా నిగనిగలాడింది. పదిహేనేళ్ళు నాలో తిన్నాడు, ఒక్కనాడు నన్ను తోమలేదు. పీచు తీసిపారేసే కాయకు పొద్దంతా ఒళ్ళు పట్టాడు. నన్ను డబ్బిచ్చి కొన్నారు. దాన్ని ఆయన తన చేత్తో చేశాడు. ఆ తేడా నా లోపల పచ్చగా చిలుంలా పట్టింది. ఆ ఆదివారం నేను ఇంకొకటి కూడా చూశాను. అది చెప్పడానికి నాకు ఇంకా మనసు రావడం లేదు.

జపానోళ్ళు మలయాకు వచ్చిన రెండో ఏడు, పొద్దుటి పిలుపులో కొన్ని పేర్లు విడిగా పిలిచారు. సయాంలో రైలు పట్టాల పని, మూడు నెలల్లో తిరిగి వస్తారు అన్నారు. సూరయ్య, తవిటయ్య, పైడి. ముగ్గురివీ పిలిచారు. తవిటయ్యకు పదహారు. పెదవి మీద నూగు మీసం వచ్చి అప్పటికి నెల కాలేదు. అసిరమ్మ నన్ను తువ్వాలులో కట్టి కొడుక్కి ఇచ్చింది.

"అయ్యకి ఇందులోనే ఎట్టు. నువ్వూ ఇందులోనే తిను. ఆ పైడి గుంటడి సెయ్యి మాత్రం దీని మీద పడనీకు. పడ్డాదంటే నాను సచ్చినట్టే."

"అలగేనమ్మా," అన్నాడు వాడు.

ఇనుప రైలుపెట్టెల్లో, గొడ్లను తోలినట్టు తోలి, అయిదు రోజులు తీసుకెళ్ళారు. సూరయ్య ఇద్దరు కొడుకుల మధ్య కూర్చున్నాడు. ఒక పూట నాలో, ఒక పూట పైడి మొలతాడుకు వేలాడే చిప్పలో తిన్నాడు. ఎవరికీ తక్కువ చేయలేదని ఆయన అనుకున్నాడు. ఇద్దరూ తమకే తక్కువైందని అనుకున్నారు. తవిటయ్య తండ్రి చేతిని చూసేవాడు. ఆ చెయ్యి ఈ పూట ఎటు వెళుతుందా అని.

రైలు దిగాక నడక. ఎన్ని రోజులో తెలియదు. చివరికి నది పక్క అడవిలో వెదురు పాకలు. కంచె లేదు, అడవే కంచె. పాకలో పొడుగ్గా వేసిన వెదురు తడికల మీద మనిషికి మూరన్నర చోటు. తెల్లవారకముందే లేపి, అర్థంకాని భాషలో అంకెలు చెప్పించేవారు. తప్పు చెప్పినవాడి వీపు మీద వెదురు బెత్తం విరిగేది. ఆ అంకెలు తవిటయ్య రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. తోటలో వాడికి బడి ఉండేది కాదు. వాడు నేర్చిన మొదటి చదువు అదే.

పగలంతా మట్టి. గంపతో తవ్విన చోటి నుంచి రైలు కట్ట మీదికి. పదహారేళ్ళ ఒళ్ళు ఎదగడానికి తిండి అడుగుతుంది. అక్కడ ఎదుగుతున్నవి వాడి ఎముకలు మాత్రమే. మోకాళ్ళు పెద్దవయ్యాయి. మీసం మొలవడం ఆగిపోయింది. తోటలో ఉన్నప్పుడు అన్నం అయ్యేలోపు నా వెనక వేళ్ళతో దరువు వేసేవాడు. ఆ శిబిరంలో ఒక్కసారీ వేయలేదు.

అక్కడి రూలు ఒకటే. పనికి వెళ్ళి వచ్చినవాడు పాత్ర పట్టుకుని వరసలో నిలబడితే, పాత్రకు ఒక గరిటె. పాత్ర లేకపోతే గరిటె లేదు. పనికి వెళ్ళకపోతే పాత్ర ఉన్నా గరిటె లేదు. చచ్చినవాళ్ళ పాత్రలు వంటపాక వెనక కుప్ప పోసేవారు. రేకు డబ్బాలు, సొట్టపోయిన చెంబులు, చిప్పలు. కలరా భయంతో ఆ కుప్పను ఎవరూ ముట్టుకునేవారు కాదు. రోజూ ఆ పక్క నుంచే వెళ్ళేదాన్ని. కొబ్బరి చిప్పలే ఎక్కువ ఉండేవి. అవతలి ఇంటిది కూడా ఏదో ఒక రోజు అందులో పడుతుందని చూసేదాన్ని. నిజం చెబుతున్నాను. ఎదురు చూశాను.

కలరా వచ్చింది. సూరయ్యను విడి పాకలోకి మోసుకెళ్ళారు. తవిటయ్యకు కట్ట మీద ఉండగా కబురు తెలిసింది. గంప పడేసి పరిగెత్తాడు. కాగులో కాచిన నీళ్ళు నాలో ముంచుకుని, తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళేసరికి తండ్రి తల పైడి ఒళ్ళో ఉంది. పెదాలు తడిగా ఉన్నాయి. పక్కన ఖాళీ చిప్ప.

"తాగీసినాడు," అన్నాడు పైడి. "తాగీసి పోనాడు."

తవిటయ్య నాలోని నీళ్ళు కాసేపు చూశాడు. తరవాత తండ్రి పాదాల మీద పోశాడు. బుడితి నుంచి సయాం దాకా ఆ మనిషికి తిండి పెట్టినదాన్ని. చివరి గుక్క ఆ చిప్పది.

ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాట లేదు. పడుకోవడం పక్కపక్కనే, చోటు అలాంటిది. తినడం వీపులు చూపించుకుని. తవిటయ్య మొదటి ముద్ద నా అంచున పెట్టేవాడు. ఒక సాయంత్రం అనుకోకుండా వెనక్కి తిరిగాడు. పైడి కూడా చిప్ప అంచున ముద్ద పెడుతున్నాడు. తండ్రి అలవాటు తనకొక్కడికే వచ్చిందని అన్నాళ్ళూ అనుకున్నాడు పాపం. నాలోని అన్నం ఆ పూట నమలకుండా మింగాడు.

ఆ ముసురులోనే పైడికి జ్వరం పట్టుకుంది. పొద్దున చలి, మధ్యాహ్నం కాలిపోవడం. రెండు రోజులు పనికి లేవలేదు. మూడో సాయంత్రం గరిటె వేసే లచ్చన్న తవిటయ్యను ఆపాడు. లచ్చన్న మా తోటవాడే, ముసలివాడు.

"ఒరే తవుడూ, ఆ గుంటడు సిప్ప అట్టుకు రాట్లేదేటిరా?"

"జొరం."

"మరి ఆడికి నువ్వేటి ఎడతన్నావు?"

"ఆడు నాకేటవుతాడు?"

"నన్నడుగుతావేటి? నీ సెవులు తడుముకో. ఆ డొప్ప సెవులు ఈ కేంపులో రెండు జతలే ఉన్నాయి. మూడో జత మొన్న కాల్చీసినారు."

వరసలో ఎవరో నవ్వారు. వెనక నుంచి ఇంకొకడు, "సవితి తమ్ముడు పోతే ఈడికి పడుకోడానికి సోటు కలిసొస్తాది తాతా!" అన్నాడు. తవిటయ్య చెవులు ఎర్రబడ్డాయి. పాకలోకి వచ్చి, పైడికి ఎదురుగా కూర్చుని, నాలోని అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు. అంచున పెట్టిన ముద్ద కూడా. నేను గర్వపడ్డాను. నా మీద ఆ గుంటడి చూపు కూడా పడనివ్వలేదు.

పైడి తిండి అడగలేదు. మొలతాడు విప్పి చిప్పను అన్న వైపు తోశాడు.

"అన్నా."

ఆ మాట వాడు అనడం అదే మొదలు.

"ఏటి?"

"ఇది నువ్వుంచు. నానింక లెగలేను. కుప్పలో పడీస్తారు."

"నాకొద్దు."

"అయ్య సేసింది కదా."

"నీకు సేసినాడు."

పైడి కళ్ళు మూసుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "రెండు సేసినాడు. ఒకే కాయి, రెండు సెక్కలు. నీ సెక్క మీ గడపలో ఎట్టినాడంట. మీయమ్మ పొయ్యిలో ఎట్టీసింది. మళ్ళీ సేస్తే మళ్ళీ ఎడతాదని ఊరుకున్నాడు. నీకు సెప్పొద్దన్నాడు."

ఇక దాచి లాభం లేదు. నేను చెప్పని సంగతి అదే. ఆ ఆదివారం సాయంత్రం సూరయ్య ఒక చిప్పను అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఆడుకుని నిద్రపోతున్న తవిటయ్య కాళ్ళ దగ్గర, గడప మీద పెట్టి వెళ్ళాడు. అసిరమ్మ దాన్ని తీసి చూసింది. లోపలి నునుపు వేలితో తడిమింది. పొయ్యిలో పెట్టింది. నూనె పట్టిన చిప్ప బాగా మండుతుంది. ఆ మంట వెలుగు గోడ పక్కన బోర్లించిన నా వీపు మీద ఆడింది. నేను బంగారంలా మెరిశాను. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఆ క్షణం మా ఇద్దరికీ ఉన్నంత సుఖం ఆ లైను మొత్తంలో ఎవరికీ లేదు.

తవిటయ్య చిప్పను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు లోపల తిప్పాడు. గాజు పెంకు గీతలు ఇంకా తగులుతున్నాయి కాబోలు, వేలు ఒకే చోట ఆగి ఆగి తిరిగింది. నన్ను అలా ఎప్పుడూ తడమలేదు. చిప్పను తమ్ముడి తల పక్కన పెట్టి పడుకున్నాడు.

మర్నాడే ఆ తెరిపి ఇచ్చిన పొద్దు. పది రోజులకోసారి ఇచ్చే సెలవు పూట. నా అంచు మెరవగానే తవిటయ్య లేచాడు. నాలో నీళ్ళు తెచ్చి, పైడి తల ఎత్తి తాగించబోయాడు. చిప్ప పక్కనే ఉంది, అందులో పోయొచ్చు. పోయలేదు. పైడి భయపడ్డాడు.

"మీయమ్మ..."

"అట్టుకో."

ఆ చెయ్యి నా మీద పడింది. కంచర కొలిమి తరవాత అంత వేడి నేను ఎరగను. తవిటయ్య పాక బయటికి, ఆకాశం కేసి చూశాడు. తల్లి అన్న మాట నిజమవుతుందేమోనని చూశాడనుకుంటాను. చినిగిన మబ్బు కింద ఒక కొంగ వెళ్ళింది. అంతే. పైడి గుక్క గుక్కగా మొత్తం తాగాడు.

తరవాత నన్ను తువ్వాలులో చుట్టి, నది వైపు వెదురు పొదల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక సయాం ఆవిడ పడవ కట్టి, గంప ముందు కూర్చునేది. అరటిపళ్ళు, బాతు గుడ్లు, పొగాకు. అడిగినవాళ్ళకు ఆకులో కట్టిన క్వినైన్ బిళ్ళలు. కూలీలు చొక్కాలు, దుప్పట్లు ఇచ్చి తీసుకునేవారు. కాపలా సోల్జరు చూస్తే ఇద్దరికీ దెబ్బలే. తవిటయ్య వణుకు అభినయించి, నుదురు చూపించి, నన్ను ముందు పెట్టాడు.

ఆవిడ నన్ను తిప్పి చూసింది. సొట్టలు చూసింది. బీట ఉందేమోనని ఎండకు పట్టింది. చివరకు గోరు ఎత్తింది.

నాకు అర్థమైంది. నేను పలక్కపోతే ఆవిడ తీసుకోదు. తీసుకోకపోతే బిళ్ళలు లేవు. బిళ్ళలు లేకపోతే నాలుగు రోజుల్లో ఆ గుంటడూ ఉండడు, వాడి చిప్పా ఉండదు. తవిటయ్య నన్ను మళ్ళీ తువ్వాలులో కట్టుకుంటాడు. మేమిద్దరమే మిగులుతాం. బద్దలైన గిన్నెలా 'టక్' మంటే చాలు. ఉన్న బలమంతా బిగబట్టాను.

ఆవిడ మీటింది.

మోగాను. ముసలాయన చెవి దగ్గర మోగినట్టే, ఇంకా ఎక్కువగా మోగాను. ఇరవై రోజుల ముసురు కడిగిన గాలిలో ఆ మోత నది మీదికి వెళ్ళింది. సోల్జరు తల తిప్పాడు. ఆవిడ గబుక్కున నన్ను పొట్టకు అదుముకుంది. నా మోత ఆమె పొట్టలోకి వెళ్ళి ఆగిపోయింది. సోల్జరు కాసేపు పొదల వైపు చూసి మళ్ళీ అటు తిరిగాడు.

గుప్పెడు బిళ్ళలు, రెండు గుడ్లు తవిటయ్య తువ్వాలులోకి వెళ్ళాయి. వాడు వెనక్కి చూడలేదు. చూస్తాడని నేను చాలా దూరం దాకా చూశాను.

ఇప్పుడు నేను ఆ నది ఒడ్డునే ఒక చిన్న మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. ఆవిడ మనవరాలు ఇచ్చింది. కింద చీటీ మీద 'పల్లె ఇంటి పాత్ర' అని రాశారు. నా గోడు అందులో లేదు. పక్క పెట్టెలో నల్లటి కొబ్బరి చిప్ప ఒకటి ఉంది. 'కూలీల చిప్ప' అని దాని చీటీ. అది అదేనో కాదో దూరం నుంచి తెలియదు. వచ్చినవాళ్ళు నన్ను ఒక చూపు చూసి వెళ్ళిపోతారు. దాని ముందు నిలబడతారు. కొందరు టోపీలు తీస్తారు. డెబ్బయి ఏళ్ళు దాటినా నా లోపలి చిలుం వదల్లేదని మీకు తెలుస్తూనే ఉంటుంది.

వాళ్ళిద్దరూ ఇల్లు చేరారో లేదో నాకు తెలియదు. ఆఖరుసారి చూసింది మాత్రం చెబుతాను.

ఆవిడ నన్ను వేరుశనగ గింజలు కొలవడానికి పెట్టుకుంది. అలా గంపలో కూర్చుని మళ్ళీ మళ్ళీ ఆ పొదల దగ్గరికి వెళ్ళేదాన్ని. అక్కడి నుంచి వంటపాక ముందు వరస కనపడేది, మాటలు వినపడేవి. మొదటిసారి తవిటయ్య ఒక్కడే వరసలో కనిపించాడు, చేతిలో చిప్పతో. ఒక చిప్ప, ఒక గరిటె, ఇద్దరికి. వాడి మెడ ఎముకలు చూసి, ఇలా ఉంటే ముందు వీడే పోతాడనుకున్నాను. ఆ తరవాతి సెలవు పూటకు ఇద్దరూ వరసలో ఉన్నారు. పైడి ముందు రోజే పనిలోకి ఎక్కాడట. అన్న భుజం పట్టుకుని నిలబడ్డాడు. చేతుల్లో పాత్ర ఒక్కటే.

లచ్చన్న గరిటె వేసి ఆగాడు. "రెండో ఏనం ఏదిరా?"

తవిటయ్య చిప్పను వెనక్కి తీసుకోలేదు. లచ్చన్న అటూ ఇటూ చూశాడు. "దీనికి అడుగు కన్నం పడ్డట్టుందిరా, ఎంత ఏసినా నిండదు," అని గట్టిగా తిట్టి, రెండో గరిటె వేశాడు. చిప్ప మీద అన్నం గోపురంలా లేచింది.

ఇద్దరూ నా గంపకు పది అడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చున్నారు. చిప్పను మధ్యన మట్టి కాస్త తవ్వి, ఒరగకుండా నిలబెట్టారు. తవిటయ్య ఒక ముద్ద చేసి తన వైపు అంచున పెట్టాడు. పైడి ఒక ముద్ద చేసి తన వైపు అంచున పెట్టాడు. ఒకరి ముద్దను ఒకరు చూశారు. నా వైపు ఇద్దరూ చూడలేదు. తల వంచుకుని తిన్నారు. వేళ్ళు తగిలితే ఆగి, రెండోవాడు తీసుకున్నాక తీసుకున్నారు. చివరికి అంచున రెండు ముద్దలే మిగిలాయి. తవిటయ్య మట్టిలో నిలబెట్టిన చిప్పను మెల్లగా సగం చుట్టు తిప్పాడు. పైడి ముందుకొచ్చిన ముద్దను పైడి తిన్నాడు. తన ముందుకొచ్చినది తవిటయ్య తిన్నాడు.